వెనక సీట్లో శబ్దం

ఆయన్ని ఊళ్లో అందరూ కడ్డీ సారు అంటారు. వాహనాల తనిఖీ కేంద్రంలో కార్లు వచ్చి నిలబడేచోట నేలలో పొడవాటి గుంట ఒకటుంది. ఆ గుంటలో దిగి, ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో ఇనప కడ్డీ పట్టుకుని, పైనున్న బండి కడుపంతా పొడిచి చూడటం ఆయన ఉద్యోగం. వదులైన బోల్టు, చిరిగిన రబ్బరు, తుప్పు తిన్న గొట్టం, ఏదీ ఆ కడ్డీకి దొరక్కుండా పోలేదు. ఫెయిలైన కార్ల వాళ్లు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు. వాళ్లే రేపు ఎవరిదైనా పాత కారు కొనాల్సి వస్తే "కడ్డీ సారు చూశారా?" అని ముందుగా అడిగేవాళ్లు. ఈ సంగతి తెలిసి ఆయన లోలోపల తెగ మురిసిపోయేవాడు.

కడ్డీ సారుకి రెండు నియమాలున్నాయి. మొదటిది, గుంటలో ఉన్నవాడికి పైన బండి ఎవరిదో తెలియకూడదు. అందుకని టోకెన్ల పద్ధతి పెట్టించింది ఆయనే. బండిని కౌంటర్ ఆవిడ గుంట మీదికి నడిపి నిలబెడుతుంది, యజమాని గదిలో కూర్చుంటాడు. కడ్డీ సారుకి కనిపించేది బండి కడుపూ, దాని మట్టీ మాత్రమే. తప్పు దొరికితే మాత్రం యజమానిని గుంట అంచుకి పిలిపించి, దీపం వేసి చూపించి, నాలుగు చీవాట్లు పెట్టి పంపేవాడు. ఆ చీవాట్ల చివర్న ఎప్పుడూ ఒకటే ప్రశ్న ఉండేది: "ఇందులో మీ ఇంట్లోవాళ్లని ఎక్కిస్తున్నారా?" ఆ ప్రశ్నకి ఎంతటివాడైనా నీళ్లు నమలాల్సిందే.

రెండో నియమం, తన సొంత కారు కింద తల పెట్టకూడదు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తోటి ఇన్‌స్పెక్టర్ ఒకడు తన వ్యాన్‌ని తనే చూసుకుని, తనే పాస్ చేసుకున్నాడు. తర్వాత కొన్నాళ్లకే దాని చక్రం ఊడి, ఒంటరిగా వీధంతా దొర్లుకుంటూ వెళ్లి ఒక బట్టల కొట్టు గుమ్మంలో పడింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. సొంత బండి మీద ప్రేముంటుంది, ప్రేమున్నచోట కళ్లు సరిగ్గా పనిచెయ్యవు అని కడ్డీ సారు ఆనాడే తేల్చేశాడు. అందుకే తన కారుకి గడువు వచ్చినప్పుడల్లా మేనేజర్ గారి దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఆ మేనేజర్ గారు కారు వంక చూసేవారా అంటే, లేదు. కారు తెచ్చినాయన వంక చూసి సంతకం పెట్టేసేవారు.

"మీ బండికి తనిఖీ ఏమిటండీ, మీరే ఓ తనిఖీ!" అని నవ్వేవారు కూడా.

అలా ఊరి మొత్తమ్మీద ఎవరూ కిందికి వంగి చూడని కారంటూ ఒకటుంటే, అది కడ్డీ సారు కారే.

ఆ కారులో ఆయన భార్య ఎప్పుడూ వెనక సీట్లో ఎడమవైపు కూర్చునేది. ముందు కూర్చుంటే ఆయన నడపడం కనిపిస్తుందని, అది తనకి పడదని ఆవిడ అనేది. ఒకరోజు వీధి మలుపులో దర్జీ కొట్టు ముందున్న స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే ఆవిడ అంది:

"ఏమండీ, వెనక ఏదో టక్కుమంటోంది."

"నీ సంచీలో తాళాలు" అన్నాడాయన, అద్దంలోకైనా చూడకుండా.

ఆవిడ తాళాలని చేతిరుమాల్లో చుట్టింది. మర్నాడూ టక్కుమంది. అయితే కళ్లజోడు పెట్టె అన్నాడు. దాన్ని జోడుతోపాటే ఇంట్లో వదిలేసి వెళ్లి, ఆ రోజు చుట్టాలింట్లో ఎవరు ఎవరో కళ్లకి ఆనక అందరినీ "బాగున్నావా నాయనా" అని పలకరించింది, పెద్దాడపడుచుతో సహా. అయినా టక్కుమంది. గొడుగన్నాడు, అదీ తీసేసి వానలో తడిసింది. ఆఖరికి ఒట్టి సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడూ టక్కుమంటే, "సంచీకి గుండీ ఉంటుంది కదా" అన్నాడు. అంతటితో ఆవిడ చెప్పడం మానేసింది. శబ్దం మాత్రం మానలేదు.

ఇందులో ఆయన అబద్ధమాడిందేమీ లేదు. ముందు స్టీరింగు దగ్గర కూర్చున్నవాడికి ఇంజను రొద తప్ప వెనక చక్రం మూలుగు వినపడదు. దానికితోడు ఏళ్ల తరబడి గుంటలో ఇనుము మీద ఇనుము కొట్టిన చెవులాయె. ఆయన దృష్టిలో ఆ కారు గుండ్రాయిలా ఉంది.

వాళ్లకి ఒక్కతే కూతురు. పశువుల డాక్టరు కోర్సు పూర్తిచేసింది. కొండల మీద ఊళ్లూళ్లూ తిరిగి ఆవుల్నీ మేకల్నీ చూసే ఉద్యోగం వచ్చింది. అయితే సొంత వాహనం ఉండి తీరాలన్నారు, సోమవారం వచ్చి చేరకపోతే వరసలో తర్వాతున్న వాళ్లని పిలుస్తామన్నారు. చిన్నప్పట్నించీ ఆ పిల్ల కోరుకున్న ఉద్యోగమది. "నా కారు తీసుకుపో, నేను బస్సులో పోతాలే ఆఫీసుకి" అన్నాడు తండ్రి ఒక్క క్షణం ఆలోచించకుండా. ప్రేమ లేక కాదు ఆయన తర్వాత చేసిందంతా, ఉండబట్టే చేశాడు. కొండదారి కదా, తాళాలు ఇచ్చేముందు పిల్ల ఎలా నడుపుతుందో స్వయంగా చూడాలనుకున్నాడు.

పరీక్ష పెట్టేవాడు వెనక కూర్చోవాలి, అక్కణ్ణుంచయితే చేతులూ అద్దాలూ అన్నీ కనపడతాయి అని, భార్యని ముందుకి పంపి, ఆవిడ చోట్లో ఆయన కూర్చున్నాడు. కారు కొన్నాక ఆయన వెనక కూర్చోవడం అదే మొదటిసారి.

దర్జీ కొట్టు ముందు టక్కుమంది.

"ఆపు!" అన్నాడాయన. అమ్మాయి ఆపింది. "విన్నావా? ఇనుము ఏడుస్తోంది. బండిని ఎత్తి కుదేసినట్టు నడుపుతారా ఎవరైనా? ఇన్నేళ్లు నేను నడిపాను, ఒక్కనాడైనా వచ్చిందా ఈ శబ్దం?"

"వచ్చిందండీ" అంది ముందు సీట్లోంచి ఆవిడ.

"అది నీ సంచీ."

"సంచీ ఇక్కడ నా ఒళ్లో ఉంది. శబ్దం మీ దగ్గరే వచ్చింది."

"అదే నేనూ చెప్తున్నది! అది సంచీ. ఇది అమ్మాయి నడపడం. రెండింటినీ కలపకు."

ఆవిడ ముందుకి తిరిగి కిటికీలోంచి దర్జీ కొట్టు వంక చూస్తూ కూర్చుంది. కడ్డీ సారు అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. ఈ స్పీడ్ బ్రేకర్ శబ్దం లేకుండా దాటిన రోజు తాళాలు చేతిలో పెడతాను, అప్పటిదాకా కొండల మాటెత్తొద్దు.

ఇక ఆ పిల్ల పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. పొద్దునా సాయంత్రం తండ్రి వెనక, తల్లి ముందు, కారు ఆ స్పీడ్ బ్రేకర్ మీదికి ఎక్కేది, దిగేది. నత్తలా ఎక్కించి చూసింది. ఏటవాలుగా ఎక్కించి చూసింది. చెప్పులు విప్పేసి ఒట్టికాళ్లతో నడిపి చూసింది. ఎలా నడిపినా ఎడమ వెనక చక్రం కిందికి దిగేసరికి టక్. దర్జీ ప్రతిసారీ కుట్టుమిషను ఆపి, చెవి రిక్కించి విని, 'ప్చ్' అని తల అడ్డంగా ఊపి మళ్లీ కాలు ఆడించేవాడు. వీధిలో ఆ అమ్మాయికి ఇంకా చెయ్యి తిరగలేదన్న పేరు స్థిరపడిపోయింది.

"నాన్నా, కుంటుతున్న ఆవుని తోలుకొస్తే నేను దానికి నడవడం రాదని చెప్పి పంపను. వంగి కాలు పట్టుకుని చూస్తాను" అంది ఒక సాయంత్రం. "ఒక్కసారి కిందికి వంగి చూడవా?"

"సొంత బండి కింద నేను తల పెట్టను. నీకు తెలుసు."

"పోనీ మెకానిక్‌కి చూపిద్దాం."

"ఎవరికి? వాడికా?" కడ్డీ సారు నిప్పులు చెరిగాడు. ఆ మెకానిక్ బిగించిన బళ్లని ఆయన ఎన్నిసార్లు ఫెయిల్ చేశాడో లెక్కలేదు. "చక్రాలు గాల్లో వేలాడుతుండగానే వెనక చక్రాల దగ్గరి ఇనప చేతుల బోల్టులు బిగించేస్తాడు. బండి కిందికి దిగేసరికి లోపలి రబ్బరు మెలి తిరిగి, ఆర్నెల్లకే చిరిగిపోతుంది. బండి నాలుగు కాళ్ల మీదా నిలబడ్డాక బిగించరా అని గుంటలోంచి ఎన్నిసార్లు మొత్తుకున్నాను! ఇప్పుడు నా కారు వాడి ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడనా?"

గురువారం నాటికి అమ్మాయి స్పీడ్ బ్రేకర్ ఇంకా దూరంగా ఉండగానే బ్రేకు తొక్కడం మొదలెట్టింది. ఆ సాయంత్రం కారు దిగి, తాళాలు తండ్రి చేతిలో పెట్టి, "నాకు నడపడం రాదేమో నాన్నా. రేపు సాయంత్రం వాళ్లకి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదేమో. కడ్డీ సారుకి తీర్పంటే తీర్పే. "వచ్చే ఏడు చూద్దాంలే తల్లీ" అన్నాడు.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న ఆవిడ వేరే సంగతెత్తింది.

"కారుకి తనిఖీ గడువు ఈ నెలేగా?"

"ఊఁ. సోమవారం మేనేజర్‌తో సంతకం పెట్టిస్తా."

"సరే" అందావిడ. అంత తేలిగ్గా సరే అనే మనిషి కాదని ఆయనకి తెలిసుండాల్సింది. మర్నాడు పొద్దున తల్లీకూతుళ్లిద్దరూ ఆయనతో మరీ మర్యాదగా ఉన్నారు. అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాలేదు. బస్సు అలవాటవ్వాలని ఆ వారమంతా చేస్తున్నట్టే, తాళాలు ఇంట్లో వదిలేసి హాయిగా బస్సెక్కి ఆఫీసుకి వెళ్లిపోయాడు.

ఆ పూట రెండు కార్లు పాసయ్యాయి, ఒకటి ముందు దీపాలు వెలగక ఫెయిలైంది. తర్వాతి టోకెను బండి వచ్చి గుంట మీద ఆగింది. 'మన రకమే' అనుకున్నాడు కడ్డీ సారు. ఊరి నిండా అవే కార్లు. కింద పేరుకుపోయిన మట్టి చూసి మొహం చిట్లించాడు. ఒకే రకం కారు, మనం ఎలా చూసుకుంటున్నాం, వీళ్లెలా ఉంచారు అని జాలిపడ్డాడు కూడా.

ముందు భాగం బాగానే ఉంది. వెనక్కి నడిచాడు. వెనక చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చేతులుంటాయి, కంట్రోల్ ఆర్మ్ అంటారు. మనిషి భుజానికి కీలు ఉన్నట్టే, ఆ చెయ్యి బండికి కలిసేచోట మందపాటి రబ్బరు బుష్ ఉంటుంది. రోడ్డు మీది దెబ్బలన్నీ అదే కాస్తుంది. కుడివైపు కడ్డీ పెట్టి నొక్కాడు, కొంచెం కదిలింది. ఎడమవైపు పెట్టి నొక్కాడు. చెయ్యి మొత్తం పక్కకి జరిగి, వెనక్కొచ్చి బోల్టుకి కొట్టుకుంది.

టక్.

దీపం దగ్గరగా పెట్టి చూశాడు. రబ్బరు చుట్టూతా చిరిగి, లోపలి ఇనుము ఒరుసుకుని తుప్పుపొడి రాలుతోంది. తల వంచి టైరు లోపలి అంచు చూశాడు. బయటికి కనపడే భాగం కొత్తదానిలా ఉంది, లోపలి అంచు మాత్రం అరిగి బోడిగుండయిపోయింది. చక్రం వంకరగా నడుస్తోంది కాబట్టే అలా తినేసింది. ఇలాంటి బండి మలుపులో బ్రేకు వేస్తే వెనకభాగం ఎటు పోతుందో నడిపేవాడి చేతిలో ఉండదు. కడ్డీ సారుకి ఒళ్లు మండిపోయింది.

"ఈ బండి వాళ్లని రమ్మనండి!" అని పైకి కేకేశాడు.

గుంట అంచున అడుగుల చప్పుడైంది. ఆయన తలెత్తలేదు. దీపం బుష్ మీద పెట్టి, కడ్డీతో ఆడిస్తూ మొదలెట్టాడు.

"చూశారా? టక్, టక్. ఇది ఇవాళ చిరిగింది కాదు. ఏళ్లయ్యుంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా మొత్తుకునే ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లు ఎవరైనా చెప్పే ఉంటారు, మీరు చెవిన పెట్టి ఉండరు. మీలాంటి వాళ్లకి బండి నడపడం ఒక్కటే తెలుసు. కిందికి వంగి చూడటానికి నామోషీ! ఇందులో మీ ఇంట్లోవాళ్లని ఎక్కిస్తున్నారా?"

"ఎక్కిస్తున్నావు నాన్నా" అంది పైనుంచి గొంతు. "అమ్మని వెనక సీట్లో. నన్ను ముందు."

కడ్డీ సారు తలెత్తాడు. దీపం వెలుగు కూతురి మొహం మీద పడింది. పక్కన ఆయన భార్య సంచీ చంకలో పెట్టుకుని వంగి చూస్తోంది. ఆ వెనక కౌంటర్ ఆవిడ ఎటో చూస్తూ పెదవి కొరుక్కుంటోంది.

ఆయనకి సిగ్గేసింది, నిజమే. కానీ అది తర్వాత. ముందు భయమేసింది. కొండ మలుపు, ఎదురుగా లారీ, పిల్ల కాలు బ్రేకు మీద, ఆ బోడిటైరు, ఆ చిరిగిన రబ్బరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. గుంట గోడకి ఆనుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఈ బండి తప్పు తన మీద వేసుకునే ఆ పిల్ల తనకి నడపడం రాదని ఒప్పుకుంది.

"మా మాట మీరు వినరు. మీ మాటైతే వింటారు కదా అని తీసుకొచ్చాం" అంది భార్య, చాలా మామూలుగా.

ఇంతలో సంగతి తెలిసి మేనేజర్ గారు పరుగెత్తుకొచ్చారు. "అయ్యయ్యో, మీ బండి ఈ వరసలోకి ఎందుకొచ్చిందండీ? ఇటివ్వండి, సంతకం పెట్టేస్తాను" అన్నారు.

"ఫెయిల్" అన్నాడు కడ్డీ సారు గుంటలోంచి.

"అది కాదండీ, మీ బండి..."

"ఫెయిలంటే ఫెయిలండీ! ఇన్నాళ్లూ చూడకుండా సంతకం పెట్టింది మీరు, పెట్టించుకుంది నేను. మీకు చీవాట్లు పెట్టే మొహం కూడా లేదు నాకు. కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."

శనివారం కారు మెకానిక్ షెడ్డులో ఉంది. మెకానిక్ ఆయన్ని చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "దారి తప్పి వచ్చారా సార్?" అన్నాడు. కడ్డీ సారు బోడిటైరు మార్చి, రెండువైపులా కొత్త చేతులు వేయమన్నాడు. ఒకపక్క రబ్బరు చిరిగితే రెండోదాని ఆయుష్షూ దగ్గరపడినట్టే. పాతవి ఊడదీసి, కొత్తవి అమర్చి, బోల్టులు చేతివేళ్లతో తిప్పి వదిలేసి మెకానిక్ ఆగాడు. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి.

"సార్, ఇప్పుడే బిగించేయనా?"

"దించు" అన్నాడు కడ్డీ సారు గొణుగుతూ.

"ఏంటి సార్?"

"కిందికి దించు. బరువు పడ్డాక బిగించు."

"ఎందుకు సార్?" అన్నాడు మెకానిక్, అమాయకంగా.

వాడికి తెలుసని ఈయనకి తెలుసు. అయినా చెప్పాడు, కూతురు వింటోంది కాబట్టి ఓపిగ్గా చెప్పాడు. బండి నిలబడి ఉన్నప్పుడు చెయ్యి ఏ కోణంలో ఉంటుందో ఆ కోణంలోనే రబ్బరుకి విశ్రాంతి ఉండాలి. గాల్లో బిగిస్తే అది పగలూ రాత్రీ మెలితిరిగే ఉంటుంది, ఒకనాటికి చిరుగుతుంది.

"ఇన్నాళ్లూ మీరు గుంటలోంచి అరుస్తుంటే చీవాట్లే వినపడేవి సార్. విషయం ఇవాళ వినపడింది" అన్నాడు మెకానిక్, బండి దించుతూ.

బోల్టులు బిగించాక ఆయన చొక్కా చేతులు మడిచి, కూతుర్ని రమ్మని, మొదటిసారి తెలిసి తెలిసి సొంత కారు కింద తల పెట్టాడు. "ఇదుగో, ఇక్కడ కడ్డీ పెట్టి నొక్కు. కదలకూడదు. వానలు తగ్గాక ఒకసారి, పెద్ద గుంటలో పడితే ఒకసారి చూసుకో. టైరు లోపలి అంచు చెయ్యి పెట్టి తడుము. చక్రాల కోణం సరిచేయించకుండా కొండెక్కకు." అమ్మాయి నొక్కి చూసింది. "కుక్క తుంటి కీలు ఇలాగే ఉంటుంది నాన్నా. ఇలాగే పట్టుకుని చూస్తాం" అంది. ఇద్దరూ మట్టిలో వెల్లకిలా పడుకుని కాసేపు కుక్కల గురించి మాట్లాడుకున్నారు.

ఆ సాయంత్రమే చక్రాల కోణం సరిచేయించి, కారుని మళ్లీ టోకెను వరసలో పెట్టి పాస్ చేయించుకున్నారు. సోమవారం పొద్దున ఊరి చివరి బస్టాపు దాకా వస్తామని ఇద్దరూ కారెక్కారు. ఆయన వెనక, ఆవిడ ముందు. వెనక సామాను పెట్టెలో మందుల పెట్టెలూ, పొడవాటి రబ్బరు బూట్లూ ఉన్నాయి. దర్జీ మిషను ఆపి చెవి రిక్కించాడు. కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కింది, దిగింది. ఏమీ వినపడలేదు. దర్జీ ఆశ్చర్యపోయి, మెచ్చుకోలుగా రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపించాడు.

"అదీ! ఇప్పుడు చెయ్యి తిరిగింది నీకు" అనబోయాడు కడ్డీ సారు. మాట పెదవుల దాకా వచ్చేసింది. ముందు సీట్లో భార్య మెల్లిగా వెనక్కి తిరిగింది. ఆయన ఆ మాట మింగేశాడు.

"నీకు మొదటిరోజే నడపడం వచ్చు తల్లీ" అన్నాడు. "రానిది నాకు, వినడం."

అమ్మాయి అద్దంలో ఆయన వంక చూసి, గేరు మార్చింది. బస్టాపు దగ్గర దిగి, కారు మలుపు తిరిగి కొండదారి పట్టేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు, ఆవిడ చూడనట్టు బస్సు వచ్చే వైపు తిరిగింది.

తిరుగు బస్సులో వెనక సీటే దొరికింది. ఊళ్లోకి వస్తుంటే మొదటి స్పీడ్ బ్రేకర్ మీద సీటు కిందెక్కడో గట్టిగా టక్కుమంది. కడ్డీ సారు అలవాటు కొద్దీ పక్కకి తిరిగి భార్య సంచీ వంక చూశాడు. చూసి, చటుక్కున తల తిప్పుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"వెనక బుష్ పోయింది ఈ బస్సుకి" అన్నాడు.

"అవునా?" అందావిడ, సంచీ ఒళ్లో సర్దుకుంటూ. "నా కళ్లజోడు పెట్టె అనుకున్నాను."